కవి తన పేరు చెప్పుకునే చోటు

పదిహేనో శతాబ్దపు మాట. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో శ్రీనాథుడు కాశీఖండాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాడు. అప్పటికే వయసు మళ్ళుతోంది. ఆయన పేరు వినని పండితుడు తెలుగునేలమీద ఉండి ఉండడు. అయినా ఆ కావ్యం మొదట్లో ఒక సీసపద్యం పెట్టి, తానెవరో మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నాడు.

ఆ పద్యంలో కవి తన జీవితాన్ని వయసుల వారీగా పేర్చాడు. పిల్లవాడుగా ఉన్నప్పుడు మరుత్తరాట్చరిత్ర, మీసకట్టు వస్తున్న రోజుల్లో శాలివాహన సప్తశతి, పడుచుదనం నిండిన నాళ్ళలో నైషధం, ప్రౌఢవయసులో భీమేశ్వరుడి కథ. ఇదిగో, చెయ్యి వణకకముందే ఇప్పుడు కాశీఖండం. ఒక్క పద్యంలో ఒక మనిషి ఆయుష్షంతా పుస్తకాల పేర్లుగా నడిచిపోతుంది. చివర్లో తన బిరుదు ఒక్కటి, తన పేరు.

ఆ పద్యం విలువ శ్రీనాథుడి కాలానికి తెలిసి ఉండదు. ఆయన చెప్పిన వాటిలో మొదటి రెండు పుస్తకాలు మనకు దక్కలేదు. మరుత్తరాట్చరిత్ర పోయింది. సప్తశతీ పోయింది. నైషధం కవి తొలి రచన కాదని, అంతకుముందే ఆయన హాలుడి ప్రాకృత గాథలను తెలుగులోకి తెచ్చాడని ఈ రోజు మనం ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఆ సీసపద్యం ఆధారంగానే. కావ్యాలు నశించాయి, కవి తన గురించి చెప్పుకున్న మాట మిగిలింది.

తెలుగు కవి ఇలా తన పేరు చెప్పుకునే చోటుకు అవతారిక అని పేరు. కావ్యానికి అది వాకిలి. లోపలికి వెళ్ళాలంటే ముందు ఇష్టదేవతకు మొక్కాలి, పూర్వకవులకు నమస్కరించాలి, చెడ్డ కవులను నాలుగు మాటలనాలి. కృతి పుచ్చుకునే వాడి వంశం, కృతి ఇచ్చే వాడి వంశం చెప్పాలి. ఆపైన ఫలానా వారికి అంటూ షష్ఠీ విభక్తిలో సాగే పద్యాలు. వాటినే షష్ఠ్యంతాలు అంటారు. అవి అయ్యాకే కథ. బడిలో పాఠంగా చదివేటప్పుడు ఈ భాగాన్ని దాటవేసి నేరుగా కథలోకి వెళ్ళడం మనకు అలవాటు. నిజానికి తెలుగు సాహిత్య చరిత్రలో సగం ఆ దాటవేసిన పద్యాల్లోనే ఉంది.

ఈ ఆచారానికి పుస్తకాలకంటే ముందు రాయి ఉంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. అక్కడి బండమీద పదో శతాబ్దపు శాసనం. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ రాతిమీద ఉన్నాయి. తెలుగు భాగంలో కందపద్యాలున్నాయి, అదీ నన్నయకు నూరేళ్ళ ముందు. తమ తల్లిదండ్రులెవరో, తమ ఇంటివారు వేంగినాడులో ఎక్కడివారో, అన్న ఎంత గొప్ప కవో తమ్ముడు అందులో చెప్పాడు. కన్నడిగులు తమ తొలి మహాకవి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే తెలంగాణ గుట్టమీదికి రావలసిందే. కవి తన గురించి చెప్పుకోకపోతే ఇంట్లోవాళ్ళయినా ఎక్కడో ఒకచోట చెప్పి ఉంచాలన్న తపన ఆ బండమీద కనబడుతుంది.

రాజరాజ నరేంద్రుడి కాలానికి వస్తే నన్నయ కనబడతాడు. 1053 నాటి నందంపూడి శాసనం ఆయన రచనే. ఆ ఊరిని రాజు దానమిచ్చింది నారాయణభట్టుకు. శాసనంలో నన్నయ పేరు చిన్నగా, రచయితగా మాత్రమే కనబడుతుంది. భారతం అవతారికలో మాత్రం తీరు వేరు. తన గుణాలను నన్నయ నేనంటూ చెప్పుకోడు. సభలో కొలువుతీరిన రాజు చూపు కవిమీద పడుతుంది. ఆ చూపుకు ఎలా కనబడ్డాడో అలా కవి వర్ణితుడవుతాడు. తమ కులానికి పురోహితుడు, జపహోమాలలో నిష్ఠ ఉన్నవాడు, శబ్దశాస్త్రం ఎరిగినవాడు, పురాణాలు తెలిసినవాడు, రెండు భాషల్లోనూ కవిత చెప్పగలవాడు. రాజు అడిగాడు కాబట్టి కవి రాశాడు. తోడు నిలిచిన నారాయణభట్టును నన్నయ మరిచిపోలేదు. కురుక్షేత్రంలో అర్జునుడికి కృష్ణుడెలాగో, ఈ పనిలో తనకు ఆ మిత్రుడు అలాగని చెప్పాడు. దానం పొందినవాడికీ శాసనం రాసినవాడికీ మధ్య ఎంత స్నేహముందో రాగిరేకు చెప్పదు, అవతారిక చెప్పింది.

రెండు వందల ఏళ్ళ తర్వాత నెల్లూరులో తిక్కన. ఆయన తొలి కావ్యం నిర్వచనోత్తర రామాయణం మనుమసిద్ధి ప్రభువుకు అంకితం. భారతం దగ్గరికి వచ్చేసరికి యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. కృతి పుచ్చుకునేవాడూ మారాడు, ఈసారి హరిహరనాథుడు. ఇక్కడ కలలో తండ్రి కొమ్మన వస్తాడు. కొడుకు కోసం దేవుడి మాట మోసుకొస్తాడు. ఆపైన హరిహరనాథుడే ప్రత్యక్షమై కృతి కోరతాడు. రాజు చూపులో నిలబడిన నన్నయ ఎక్కడ, చనిపోయిన తండ్రి కలలోకొచ్చి దేవుడి ముందు నిలబెట్టిన తిక్కన ఎక్కడ! ఒకే భారతానికి ఇద్దరు కవులు కట్టిన వాకిళ్ళివి. తిక్కన మంత్రి. రాజుల బలమూ బలహీనతా దగ్గరనుంచి చూసినవాడు. పదిహేను పర్వాల పనికి రాజుకంటే ఎక్కువకాలం నిలిచే ప్రభువును ఎంచుకున్నాడనిపిస్తుంది.

ఇద్దరి మధ్య మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూర్తి చేశాడు. ఆయన చేసిన పని ప్రపంచంలో ఎందరు కవులు చేయగలరో ఆలోచించాలి. ఆ భాగాన్ని తన కాలపు రెడ్డిరాజుకు ఇవ్వలేదు. ఎప్పుడో మూడు వందల ఏళ్ళనాడు గతించిన రాజరాజ నరేంద్రుడినే సంబోధిస్తూ, నన్నయ రచనగానే దాన్ని నడిపించాడు. నన్నయ శైలి కొంత తోచేలా రాశాడు. అంతా అయ్యాక, పర్వం చిట్టచివర, తన గోత్రం, తల్లిదండ్రుల పేర్లు, తన పేరు చెప్పి, ఫలానా కారణంతో ఇది నేను పూరించానని ఒప్పుకున్నాడు. అదే ఎఱ్ఱన తన సొంత హరివంశాన్ని ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చాడు. అంటే పేరు ఎక్కడ చెప్పుకోవాలో, ఎక్కడ అణచుకోవాలో రెండూ తెలిసినవాడు.

అవతారిక కావ్యానికి మొదటనే ఉంటుంది. ప్రతి ఆశ్వాసం చివరా మరొక చిన్న పరిచయం ఉంటుంది, ఆశ్వాసాంత గద్య. ఫలానా వారి కుమారుడు, ఫలానా బిరుదు కలవాడు, ఫలానా కవి రచించిన ఫలానా గ్రంథంలో ఇది ఇన్నో ఆశ్వాసం అని చెప్పే పొడుగాటి ఒకే వాక్యం. చదివేవాడికి విసుగు పుట్టించేంతగా అదే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది. తాటాకు కట్ట చేత్తో పట్టుకుని చూస్తేనే దాని అవసరం తెలుస్తుంది. గంటంతో గీసి, మసి పూసి, కంతల్లోంచి తాడు పోనిచ్చి, అటూ ఇటూ చెక్కపలకలు వేసి కట్టిన ఆకుల బొత్తి అది. ముందు చెదపట్టేది, విరిగేది మొదటి ఆకులూ చివరి ఆకులే. అట్ట లేదు, అట్టమీద పేరు లేదు. నడుమ ఎక్కడో ఒక ఆశ్వాసం తెగి వేరే కట్టలో కలిసినా, దాని చివరనున్న గద్యే అది ఎవరి బిడ్డో చెప్పాలి. నేటికీ రాతప్రతుల వివరణాత్మక సూచికల్లో ప్రతి గ్రంథానికీ ఆరంభ పద్యం, చివరి పద్యం, ఆ గద్య తప్పక ఎత్తి రాస్తారు.

పోతన భాగవతం ఇందుకు మంచి సాక్ష్యం. పన్నెండు స్కంధాలూ ఒక్క చేతిమీద రాలేదు. అయిదో స్కంధం గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి. ఇది మనకు తెలిసింది ఆ గద్యలవల్లే. శిష్యులు, తోటి కవులు గురువుగారి పుస్తకంలో తమ పేరు చాటుగా పెట్టుకోలేదు, తాము రాసిన చోటే రాసుకున్నారు. భాస్కర రామాయణం కాండల్లో ఎవరి వాటా ఎంతో తేల్చింది కూడా ఇలాంటి గద్యలే. ఇక రంగనాథ రామాయణం కథ తారుమారు. లోపల గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠ్ఠలుడి పేరుమీద రాశానని చెప్పుకుంటే, లోకంలో రంగనాథుడి పేరు నిలిచింది. కొడుకు తండ్రిమీద భక్తితో పేరు వదులుకున్నాడు. ఆ వదులుకున్న పేరు చుట్టూ పండితులు ఎన్నో వ్యాసాలు రాసుకున్నారు.

పోతన విషయంలో గొడవ ఊరి గురించి. చంద్రగ్రహణం వేళ గంగాస్నానానికి వెళ్ళడం, ధ్యానంలో రామభద్రుడు కనబడి భాగవతం తెలుగు చేయమనడం, తిరిగి ఏకశిలానగరానికి రావడం ఆయనే అవతారికలో చెప్పాడు. ఏకశిలానగరమంటే ఓరుగల్లు. బమ్మెర అనే ఊరు పాలకుర్తి మండలంలో ఇప్పటికీ ఉంది. ఒంటిమిట్టవారు మాత్రం ఒంటి మిట్ట అన్నా ఒకే రాయి అన్నా ఒకటే కాబట్టి కవి మావాడే అన్నారు. కవి వాడిన ఒక్క సంస్కృత సమాసానికి రెండు జిల్లాలు ఒక నూరేళ్ళు వాదించుకున్నాయి. దాని వెనక ఉన్నది ప్రేమ. పోతన మా ఊరివాడు అనిపించుకోవాలన్న ఆశ. ఆయన పద్యాలు నోటికి వచ్చిన ముసలమ్మలు రెండు చోట్లా ఉన్నారు.

విజయనగరంలో మరో పద్ధతి పెరిగింది. కవి గొప్పదనాన్ని కవి చెప్పడు, కృతి పుచ్చుకునేవాడు చెబుతాడు. మనుచరిత్ర మొదట్లో కృష్ణరాయలు సభలో పెద్దనను పిలిచి, ఆయన ఆప్తుడనీ మాటనేర్పరి అనీ, పురాణాలూ ఆగమాలూ ఎరిగినవాడనీ, సాటి లేని కవి అనీ పొగుడుతాడు. ఆ పద్యం రాసిన చెయ్యి పెద్దనదే. రాయలు తాను కవి అయినప్పుడు ఇంకో మెట్టు ఎక్కాడు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న రాత్రి ఆంధ్రవిష్ణువు కలలోకొచ్చాడట. మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, జ్ఞానచింతామణి, రసమంజరి వంటి సంస్కృత గ్రంథాలు రాశావు, మరి తెలుగులో నాకొకటి రాయవా అని అడిగాడు. ఒక చక్రవర్తి తన గ్రంథాల పట్టికను దేవుడి నోట పలికించాడు. శ్రీనాథుడి విషయంలో లాగే, రాయల సంస్కృత రచనల్లో చాలావాటి ఉనికి మనకు తెలిసింది ఈ కల వల్లనే.

ఈ వరుసలో వేమన నిలబడడు. ఆయనకు అవతారిక లేదు, గోత్రం లేదు, కృతిభర్త లేడు. ఆటవెలది చివరి పాదంలో తన పేరు మాత్రం ఉంది. ఒక్క మాటలో సరిపెట్టుకున్న ఆ పరిచయం జనం నోట ఎన్ని వేల పద్యాలకు అతుక్కుందో! ఆయన ఊరు, కాలం, కులం అన్నీ వాదాలే. 1829లో బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికి కూడా ఏవి ఆయనవో ఏవి కావో తేల్చడం కష్టమే అయింది.

ఆడవాళ్ళ అవతారికలు చదివేటప్పుడు గొంతు మారడం స్పష్టంగా వినిపిస్తుంది. మొల్ల తాను ఆతుకూరి కేసన కూతురినని, గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి దయవల్ల కవిత చెప్పడం అబ్బిందని అంటుంది. ఆ వెంటనే తనకు రాని విద్యల పేర్లు ఏకరువు పెడుతుంది. వ్యాకరణం, నిఘంటువులు, అలంకారాలు, రకరకాల కావ్యలక్షణాలు. ఇన్ని రావు అని చెప్పడానికి ఇన్నీ తెలిసి ఉండాలి. ఆ ఏకరువు చదివిన పండితుడికి ఆ సంగతి అర్థమై ఉంటుంది. అదే చోట ఆమె తెలుగు కవిత గురించి తన అభిప్రాయమూ తేల్చి చెప్పింది. వినగానే అర్థం తోచని పదాలతో రాస్తే అది మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ చేసుకునే ముచ్చట అవుతుందని, తేనె నాలుకమీద పడగానే నోరంతా తియ్యనైనట్టు అర్థం తట్టాలని. వినయంతో మొదలైన పరిచయం నాలుగైదు పద్యాల్లో కవిత్వ విధానంగా మారిపోయింది. తరిగొండ వెంగమాంబ కూడా తనకు గురువు దగ్గర ఓనమాలైనా నేర్చుకునే యోగం కలగలేదని వేంకటాచల మాహాత్మ్యంలో రాసింది. బడికి పోలేకపోయిన ఆమె కావ్యం రాసి, ఆ లోటును దాచకుండా మొదటే చెప్పుకుంది.

ముద్దుపళని అలా మొదలుపెట్టలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు. మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువు. కొలువు వ్యవహారం మరాఠీలో, ఊరి మాట తమిళంలో, కావ్యం మాత్రం తెలుగులో. ఆ కొలువులో కళావంతురాలు ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. అవతారికలో ఆమె తంజనాయకి మొదలుకొని తన ఇంటి ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ విద్య చెప్పుకుంది. మగ కవి తాత పేరు, తండ్రి పేరు చెప్పే చోట ఆమె తన ఇంటి స్త్రీలను నిలబెట్టింది. ఆపైన తన గురించి జంకు లేకుండా రాసింది. తనలాంటి స్త్రీలలో ఇంతమంది పండితుల చేత మన్ననలు పొందినది ఎవరు, కృతులు అంకితం పుచ్చుకున్నది ఎవరు అని అడిగింది. కావ్యాన్ని కృష్ణుడికి ఇచ్చింది. తెలుగు సాహిత్యంలో ఒక స్త్రీ తన విద్య గురించి ఇంత నిండుగా చెప్పుకున్న సందర్భాలు తక్కువ. ఆ గర్వం ఆమె కష్టపడి సంపాదించుకున్నది.

తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఈ కావ్యం అచ్చయినప్పుడు ఆమె తన గురించి చెప్పుకున్న పద్యాలు ఆ ప్రతిలో లేవు. మరికొన్ని శృంగార పద్యాలూ పోయాయి. కావ్యం ఉంది, కవయిత్రి తన నోట తన పేరు, తన ఇల్లు, తన విద్య చెప్పుకున్న చోటు లేదు. కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్రకవుల చరిత్రలో ఆమె కవిత్వపు మాధుర్యాన్ని ఒప్పుకుంటూనే, ఆడది ఇటువంటి పద్యాలు రాయడమేమిటని మందలించారు.

బెంగళూరు నాగరత్నమ్మ ఆ లోటు కనిపెట్టింది. ఆమె గొప్ప గాయని. తర్వాతి కాలంలో తన సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన మనిషి. అచ్చుప్రతి చదివి, ఆపైన రాతప్రతి సంపాదించి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పోయినవేమిటో తేలింది. 1910లో వావిళ్ళ వారి అచ్చుకూటం నుంచి పూర్తి పాఠంతో కావ్యాన్ని ప్రచురించింది. పీఠికలో పంతులుగారికే జవాబు చెప్పింది. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కరలేదా, పెద్దలు మెచ్చిన ప్రబంధాలలో ఇంతకంటే పచ్చిగా లేవా అని నిలదీసింది. తన పేరు చెప్పుకోవడానికి వెనుకాడని ఒక కళావంతురాలిని, నూటయాభై ఏళ్ళ తర్వాత, అదే కులవిద్య నేర్చిన మరొక స్త్రీ తిరిగి లోకానికి పరిచయం చేసింది.

ఆ పరిచయం నిలవడానికి మరో ముప్పై ఏడేళ్ళు పట్టింది. పత్రికల్లో విమర్శలు వచ్చాయి, 1911లో మద్రాసులో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు, పుస్తకం నిషేధానికి గురైంది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉండగా నిషేధం తొలగింది. వావిళ్ళ వారు 1952లో మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ కన్నుమూసిన సంవత్సరం అదే.

అచ్చు వచ్చాక అవతారికకు పని తగ్గింది. అట్టమీద పేరుంటుంది, లోపల సంవత్సరం ఉంటుంది. వంశం చెప్పే పద్యం మానేసి పీఠిక రాయడం మొదలైంది. పద్యకవులు మాత్రం పాత అలవాటును సభల్లోకి తెచ్చారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేస్తూ తిరిగినప్పుడు వాళ్ళ పరిచయం వాళ్ళ మీసమే. బ్రాహ్మణ పండితులు మీసాలు పెంచడమేమిటని అడిగినవారికి పద్యంతోనే బదులిచ్చారు. సంస్కృతాంధ్రాలు రెంటిలోనూ మేము కవీశ్వరులమని చాటడానికే పెంచామని, ఓడించినవాడుంటే మీసం తీసి దండం పెడతామని. ఇద్దరిలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఒంటరిగా రాసినవాటికి కూడా జంట పేరే పెట్టుకున్నారు. మిత్రుడు లేకపోయినా సంతకంలో ఆయన ఉన్నాడు.

చెళ్ళపిళ్ళవారి శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం అవతారికలో గురువును తలుచుకున్న తీరు తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిందే. తనలాంటి శిష్యుణ్ణి పొందిన భాగ్యం నన్నయకూ తిక్కనకూ పట్టలేదని, అది చెళ్ళపిళ్ళకే దక్కిందని ఆయన అన్నారు. ఎంత అహంకారమని కొందరు, ఎంత గురుభక్తి అని మరికొందరు. రెండూ ఒకే పద్యంలో పట్టించడం విశ్వనాథకే చెల్లింది. ఆ గ్రంథానికే తర్వాత జ్ఞానపీఠం వచ్చింది.

నవ్యకవులు రాజును, దేవుణ్ణి, వంశాన్ని అవతల పెట్టారు. అయినా ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి పేరు చెప్పవలసి వచ్చింది. 1950లో శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా వచ్చినప్పుడు ఆ పని చలం చేశాడు. యోగ్యతాపత్రం అనే ఆ ముందుమాట అప్పటికి పదేళ్ళ ముందు రాసింది. రాయలు పెద్దనను పిలిచి కూర్చోబెట్టిన చోట, చలం నిలబడి చదువరులను కేకేశాడు. కాళోజీ ఆ మర్యాద కూడా అక్కరలేదనుకుని తన కవితలన్నిటికీ నా గొడవ అని పేరు పెట్టాడు. అదే ఆయన పరిచయం, అదే పుస్తకం, చివరికి ఆత్మకథ పేరులోనూ అదే మాట.

జాషువా దారి వీళ్ళందరి కంటే కష్టమైనది. అవతారికలో గోత్రసూత్రాలు చెప్పుకోవడం ఎవరి సొత్తుగా ఉండిందో ఆయనకు చిన్ననాటినుంచే తెలుసు. వినుకొండలో పుట్టి, కులం పేరిట పండితసభల్లో అవమానాలు తిన్నాడు. 1941 నాటి గబ్బిలంలో శివుడికి కబురు పంపే కథానాయకుడికి ఆయన పేరు పెట్టలేదు. అరుంధతి కొడుకు అన్నాడు. మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని పంపితే, ఈ మనిషి ఎవరూ దగ్గరికి రానివ్వని గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. తర్వాత జాషువా నా కథ పేరుతో తన బతుకును పద్యాల్లోనే రాసుకున్నాడు. అవతారికలో ఒకటి రెండు పద్యాలకు పరిమితమైన కవి పరిచయం ఆయన చేతిలో ఒక కావ్యమంత అయింది. అంత చెప్పవలసి ఉంది కాబట్టే అంత అయింది.

1965లో హైదరాబాదులో ఒక అర్ధరాత్రి ఆరుగురు యువకులు దిగంబర కవులు అనే సంపుటి తెచ్చారు. ఆవిష్కరించినది ఒక రిక్షా కార్మికుడు. తర్వాతి సంపుటి విజయవాడలో, ఆపైది విశాఖపట్నంలో, 1968లో. వాళ్ళు తమ వారాలకు, ఋతువులకు కొత్త పేర్లు పెట్టుకున్నారు. అంతకంటే ముందు తమ పేర్లే మార్చుకున్నారు. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. రాఘవాచార్యులు జ్వాలాముఖి, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు, వేంకటేశ్వరరావు మహాస్వప్న, మన్మోహన్ సహాయ్ భైరవయ్య. రెడ్డి, ఆచార్యులు, రావు వంటి తోకలన్నీ ఒక్క దెబ్బకు రాలిపోయాయి. ఎఱ్ఱన చెప్పుకున్న సూత్రం, గోత్రం, తల్లిదండ్రుల పేర్ల వరుస ఉన్న చోట ఒక్క మాట మిగిలింది, అదీ తాము పెట్టుకున్నది.

ఆ ఉద్యమం మూడు సంపుటాలతో ముగిసింది. ఆ పేర్లు ముగియలేదు. చెరబండరాజు 1982లో కన్నుమూసేదాకా ఆ పేరుతోనే రాశాడు, ఆ పేరుతోనే జైలుకు వెళ్ళాడు. 2020 సంవత్సరానికి అగ్నిశ్వాస కవితా సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది నిఖిలేశ్వర్ పేరుమీద. తల్లిదండ్రులు పెట్టిన కుంభం యాదవరెడ్డి అనే పేరు ఇప్పుడు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో, ఆ పక్కన కుండలీకరణాల్లో ఉంటుంది.